ఫ్రిజ్‌లో మిగిలిన మందు సీసా

నల్లకుంట, హైదరాబాద్

చిట్టితల్లికి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి చిన్నోడికి ఒళ్లు కాలిపోతోందని ఫోన్ చేశావు. "తాతయ్యా, నా గొంతునొప్పికి రాసిన సిరప్ ఫ్రిజ్‌లో సగం ఉంది, అది పట్టమంటావా?" అని అడిగావు. అడిగినందుకు ఎంత సంతోషించానో! అడగకుండా పట్టేసే ఇళ్లే ఎక్కువ. వద్దని ఒక్క ముక్కలో చెప్పి ఫోన్ పెట్టేశాను కానీ ఎందుకు వద్దో చెప్పలేదు. అమ్మ డ్యూటీకి వెళ్తే వాడికి మందు పట్టేది నువ్వే కదా, అందుకని తీరిగ్గా రాస్తున్నాను. మీ క్లాసు పిల్లలకు కూడా చదివి వినిపించు.

ముందు ఆ జ్వరం సంగతి. వాడికి ముక్కు కారుతోంది, దగ్గు ఉంది. మర్నాటికి నీకూ అదే మొదలైంది. ఇలాంటి జలుబులు చాలావరకు వైరస్ వల్ల వస్తాయి. నీ సీసాలో ఉన్నది యాంటీబయాటిక్. అది బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది, వైరస్‌ను ఏమీ చేయలేదు. వానలు పడ్డాక మన ఊళ్లో వచ్చే డెంగీ కూడా వైరసే. చీమిడి పచ్చగా మారగానే యాంటీబయాటిక్ కావాలనుకోవడం కూడా పొరపాటే. టైఫాయిడ్, మూత్రంలో ఇన్ఫెక్షన్, కొన్ని రకాల న్యుమోనియా బ్యాక్టీరియా వల్ల వస్తాయి. అప్పుడు ఆ మందే ప్రాణం నిలబెడుతుంది, ఆలస్యం చేయకూడదు. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరు. ఒక్కోసారి రక్తమో మూత్రమో పరీక్ష చేస్తే గానీ వాళ్లకూ తెలియదు. మాత్రల షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, చూశావా? అది ఉన్న మందు డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని అర్థం. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో దీని గురించి ప్రచారం కూడా చేసింది.

ఇక ఆ సీసా. నువ్వు మాత్ర మింగలేవని సిరప్ రాశారు. దాని మీద 5 మి.లీ.లో 250 మి.గ్రా. అని ఉంటుంది చూడు. చిన్నపిల్లలకు 125 ఉన్న సీసా కూడా వస్తుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండిట్లోంచీ 5 మి.లీ.లే పోస్తాం, కానీ ఒకదానిలో మందు రెట్టింపు. పసిపిల్లల చుక్కల మందు ఇంకా చిక్కన. పిల్లలకు డోసు లెక్కకట్టేది ముఖ్యంగా బరువును బట్టి. నీ బరువుకు కట్టిన లెక్క నాలుగేళ్ల వాడికి ఎలా సరిపోతుంది?

పైగా అది దసరా సెలవుల్లో కలిపిన మందు. ఆ సీసాలో మొదట ఉండేది పొడి. నీళ్లు కలిపాక దాని ఆయుష్షు మొదలవుతుంది. మందును బట్టి వారం, మహా అయితే రెండు వారాలు. ఆ తర్వాత ఫ్రిజ్‌లో ఉన్నా దాని బలం నమ్మలేం. కొన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి, కొన్నిటికి అక్కర్లేదు. లేబుల్ చదవాలి.

కలిపేటప్పుడు చేసే తప్పులు నా మందుల షాపు కౌంటర్ దగ్గర ఎన్ని విన్నానో. కాచి చల్లార్చిన నీళ్లే పోయాలి. ముందు సీసాను తట్టి పొడి వదులు చేసి, సగం నీళ్లు పోసి బాగా కుదిపి, నురగ దిగాక మిగతావి గీత దాకా పోయాలి. నురగ మీదే గీత చూసుకుంటే నీళ్లు తక్కువై మందు చిక్కబడుతుంది. తర్వాత కూడా పట్టే ప్రతిసారీ కుదపాలి. లేకపోతే మందు అడుగున పేరుకుంటుంది. మొదటి రోజుల్లో వాడు తాగేది పలచటి నీళ్లు, చివరి రోజుల్లో ముద్ద మందు.

వంటింటి చెంచాతో పోయొద్దు, ఏ రెండు చెంచాలూ ఒక్కలా ఉండవు. సీసాతో వచ్చిన కొలత మూత, లేదా సూది లేని సిరంజి వాడు. సిరంజి బుగ్గ లోపలి వైపు పెట్టి మెల్లగా వదులు, గొంతులోకి కొడితే పొలమారుతుంది. గ్లాసు పాలలో కలిపితే సగం తాగి వదిలేస్తాడు, ఎంత మందు లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు. ఒక పూట మరిచిపోతే తర్వాత రెండు డోసులు కలిపి పట్టకు.

చిట్టీ, అసలు ఆ సీసాలో సగం ఎందుకు మిగిలింది? నాలుగో రోజుకు గొంతు తగ్గిందని ఆపేశావు కదూ. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతునొప్పి వస్తే పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి సాధారణంగా 10 రోజులు రాస్తారు. నొప్పి ముందే పోతుంది, బ్యాక్టీరియా అంత తొందరగా పోదు. దానికి సరైన వైద్యం జరగకపోతే కొంతమంది పిల్లల్లో కొన్ని వారాల తర్వాత కీళ్లవాపు జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడవుతాయి. నా షాపుకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ కొనడానికి ఒక తల్లీ కొడుకూ వచ్చేవాళ్లు. వాడిది నీ వయసే. మెట్లెక్కితే ఆయాసపడేవాడు.

నాకు ఇంకా బాధగా ఉండే సంగతి ఒకటి ఉంది. ఫీవర్ హాస్పిటల్ దగ్గర ముప్పై ఏళ్లు షాపు నడిపాను. "రెండు రోజులకు చాలు, డబ్బుల్లేవు" అంటే షీటు కత్తిరించి నాలుగు మాత్రలు ఇచ్చేవాణ్ణి. సాయం చేస్తున్నాననుకున్నాను. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి ప్రసంగంలో సరిగ్గా ఇదే హెచ్చరించారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన చెప్పిన ఉదాహరణలో ఒకతను గొంతునొప్పికి సొంతంగా పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వేసుకుంటాడు. క్రిములు చావకపోగా మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. అవి భార్యకు అంటుకుని న్యుమోనియా వస్తే పెన్సిలిన్ పనిచేయక ఆవిడ చనిపోతుంది. ఎన్ని రోజులు వాడాలో డాక్టరే చెప్పాలి. కొన్నిటికి మూడు రోజులు చాలు, కొన్నిటికి రెండు వారాలు పడుతుంది. మధ్యలో మనంతట మనం ఆపకూడదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు నీ పుస్తకంలో ఉందన్నావు. అమెరికాలో ఆయన ఆధ్వర్యంలో సాగిన పరిశోధనల్లోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడి 1948లో వాడుకలోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. అంత గొప్ప మందులైనా ఎనిమిదేళ్లలోపు పిల్లలకు మామూలుగా ఇవ్వరు, ఎదిగే పళ్లకు మరక పడుతుంది. పెద్దవాళ్ల మాత్ర సగం విరిచి పిల్లలకు వేయకూడదనడానికి ఇదీ ఒక కారణం.

మందు పడ్డాక ఒంటి మీద దద్దుర్లు వస్తే తర్వాతి డోసు పట్టకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యి. పెదవులు, మొహం వాచినా, ఊపిరి అందకపోయినా మాత్రం ఫోన్లతో కాలం గడపకండి, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. కొంచెం విరేచనాలు మామూలే, ఓఆర్‌ఎస్ ఇస్తూ ఉండండి. ఎక్కువైనా, రక్తం కనిపించినా డాక్టరుకు చూపించాలి. నీకు ఏ మందు పడలేదో అమ్మను అడిగి ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకో.

చిన్నోడి జ్వరం మూడో రోజుకు కూడా దిగకపోయినా, అంతకు ముందే వాడు మగతగా పడున్నా, నీళ్లు తాగకపోయినా, ఆయాసపడుతున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని అమ్మకు చెప్పు. వెళ్లగానే ముందు వాడి బరువు చూసి చీటీ మీద రాయమని అడగండి. ఆదివారం వచ్చేటప్పుడు ఆ పాత సీసా నాకు తెచ్చివ్వు.

మీ తాతయ్య