"దేవుణ్ణి ఎవరు చేశారు?" అనే ప్రశ్న లైబ్నిజ్‌కి ఎందుకు తగలదు: అపోహలు, వాస్తవాలు

ఫిలాసఫీ ఆప్షనల్‌గా తీసుకుని రాజమండ్రిలోనో కాకినాడలోనో సివిల్స్‌కి చదివే పిల్లల జవాబు పత్రాలు దిద్దుతుంటే జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ గురించి ఒకే మాట మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. "ప్రతిదానికీ కారణం ఉంటుంది. కాబట్టి లోకానికీ కారణం ఉంది, అదే దేవుడు అని లైబ్నిజ్ అన్నాడు. మరి దేవుడికి కారణం ఎవరు? కాబట్టి వాదం వీగిపోయింది." ఇరవై మార్కుల ప్రశ్న అక్కడితో సరి. ఊళ్లో అరుగుల మీద జరిగే వాదనల్లోనూ ఇదే వరస. ఒకరు ఓడిపోయామనుకుని, ఇంకొకరు గెలిచామనుకుని లేచిపోతారు. అసలు వాదాన్ని ఎవరూ ముట్టుకోనే లేదు.

లైబ్నిజ్ "ప్రతిదానికీ కారణం ఉంటుంది" అనలేదు. 1714లో రాసిన మోనడాలజీ 32వ పేరా తీసి చూడండి. ఏది ఉన్నా, ఏది జరిగినా, అది ఇలాగే ఎందుకుంది, మరోలా ఎందుకు లేదు అనడానికి తగిన హేతువు ఉండి తీరాలన్నాడు. ఆ హేతువు మనకు చాలాసార్లు తెలియకపోవచ్చని కూడా ఒప్పుకున్నాడు. కారణం వేరు, హేతువు వేరు. త్రిభుజం కోణాలు కలిపితే 180 డిగ్రీలు ఎందుకవుతాయి? వాటిని ఎవరూ అలా పెట్టలేదు, కారణమంటూ లేదు. కానీ హేతువుంది, అది త్రిభుజం స్వభావంలోనే ఉంది.

ఇక వాదం మెట్లు. లేకపోయే వీలున్న వస్తువును ఆగంతుకం అంటాం. చెట్టు, మనిషి, సూర్యుడు అన్నీ ఇందులోకే వస్తాయి. ఆగంతుకం ఎందుకుందో చెప్పే హేతువు దానిలో దొరకదు, బయట వెతకాలి. బయట దొరికింది కూడా ఆగంతుకమే అయితే అదే ప్రశ్న మళ్లీ లేస్తుంది. అలాంటివి ఎన్ని పేర్చినా మొత్తానికి హేతువు రాదు. కాబట్టి ఆ వరస మొత్తానికి హేతువు, లేకపోయే వీలే లేని, అంటే అవశ్యమైన, ఒక సత్తలో (ఉనికిలో) ఉండాలి. దాని హేతువు దాని స్వభావంలోనే ఉంటుంది. అంటే తగిన హేతువు ఉండాలన్న నియమం దేవుడికీ వర్తిస్తోంది, మినహాయింపేమీ ఇవ్వలేదు. "దేవుణ్ణి మాత్రం వదిలేశాడు" అని రాసినవాళ్లు నియమాన్నే చదవలేదన్నమాట.

ఉప్పలగుప్తం వైపు శివారు చేలో నీళ్లు నిలిచాయనుకోండి. చేలోకి బోదెలోంచి వచ్చాయి. బోదెలోకి తూము గుండా పంట కాలువలోంచి, పంట కాలువలోకి పెద్ద కాలువలోంచి, దానిలోకి ధవళేశ్వరం నుంచి. ఇప్పుడొకాయన, "ధవళేశ్వరమూ లేదు, గోదావరీ లేదు, కాలువ వెనక కాలువే, దానికి అంతే లేదు" అన్నాడనుకోండి. ఏ కాలువ గురించి అడిగినా దాని ఎగువ కాలువను చూపిస్తాడు. కానీ ఒక్క కాలువకీ సొంత నీళ్లు లేవు. పైనుంచి వచ్చింది కిందికి వదలడమే వాటి పని. అన్నీ ఎండిపోయి ఉండొచ్చు కదా, అసలు నీళ్లంటూ ఎందుకున్నాయి? వరసను ఎంత పొడిగించినా ఈ ప్రశ్న కదలదు. (గోదావరి కూడా వాన మీద ఆధారపడ్డదే, కాబట్టి ఉపమానాన్ని అంతకుమించి లాగకండి.) లైబ్నిజ్ 1697లో చెప్పిన ఉదాహరణ జ్యామితి పుస్తకం. అనాదిగా ఒక ప్రతిని చూసి ఇంకో ప్రతి రాస్తూ వచ్చారనుకుందాం. ఈ ప్రతి ఎందుకిలా ఉందంటే ముందు ప్రతి వల్ల అనొచ్చు. అసలు ఇలాంటి పుస్తకం ఎందుకుందో మాత్రం ఎన్ని ప్రతులు వెనక్కి వెళ్లినా తెలియదు.

అందుకే ఈ వాదానికి సృష్టి మొదలు అక్కర్లేదు. బిగ్ బ్యాంగ్‌ని ఇందులోకి లాక్కురావడం ఆస్తికుల వైపు నుంచి జరిగే పొరపాటు. లోకం అనాది అయినా వాదం అలాగే నిలబడుతుంది.

మరి దెబ్బ ఎక్కడ తగులుతుంది? బ్రిటిష్ తత్త్వవేత్త రసెల్‌నే చూడండి. 1927 ఉపన్యాసంలో ఆయన "దేవుడికి కారణం ఎవరు" అనే దారే పట్టాడు. 1948లో బీబీసీ రేడియోలో క్రైస్తవ మతగురువు కాపుల్‌స్టన్ లైబ్నిజ్ తరహా వాదం ఎదురుపెట్టేసరికి ఆ దారి వదిలేశాడు. ప్రతి మనిషికీ తల్లి ఉందని మానవజాతికంతటికీ ఒక తల్లి ఉందనలేం కదా, విశ్వం ఊరికే ఉంది, అంతే అన్నాడు. అంటే నియమాన్నే ఒప్పుకోనన్నాడు. నిజాయితీ గల ఎదురుదాడి అది. ఇరవై రేణువుల్లో ఒక్కోదానికీ కారణం చెప్పేశాక మొత్తానికి మళ్లీ కారణం అడగడమేమిటని 1779లో అచ్చయిన తత్త్వవేత్త హ్యూమ్ పుస్తకం 'సంభాషణలు'లో ఉంది. పైన చెప్పిన పుస్తకం ఉదాహరణ దీనికి ముందే ఇచ్చిన జవాబు.

ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటుంది. హేతువు నిజంగా "తగినది" అయితే ఫలితం రాక తప్పదు. అవశ్యమైన సత్త నుంచి తప్పనిసరిగా వచ్చిందల్లా అవశ్యమే అవుతుంది. అప్పుడు లోకంలో ఆగంతుకమే మిగలదు, మనం ఎక్కిన మొదటి మెట్టే కూలిపోతుంది. మరో తత్త్వవేత్త స్పినోజా దీన్ని జంకు లేకుండా ఒప్పేసుకున్నాడు. లైబ్నిజ్ ఒప్పుకోలేదు. హేతువు దేవుణ్ణి ఉత్తమమైన లోకం వైపు మొగ్గేలా చేస్తుందే తప్ప బలవంతపెట్టదన్నాడు. ఈ "మొగ్గు" చాలుతుందా లేదా అన్నదే అసలు తగువు. జవాబులో సగం చోటు దీనికివ్వండి. అవశ్యసత్త దాకా వచ్చాక కూడా దానికి జ్ఞానం, ఇచ్ఛ, కరుణ ఉన్నాయనడానికి వేరే వాదం కావాలన్నది చివర్లో రాయాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "హేతువాది అంటే నాస్తికుడు" అన్నది మన తెలుగు నేలలో ఆ మాటకు స్థిరపడిన అర్థం. పాశ్చాత్య తత్త్వంలో హేతువాదులంటే జ్ఞానానికి బుద్ధే ప్రధాన ఆధారం అన్నవాళ్లు. వాళ్లలో పెద్దలు డెకార్ట్, స్పినోజా, లైబ్నిజ్, ముగ్గురూ దేవుడికి రుజువులు రాసినవాళ్లే.

"కంప్యూటర్ దేవుణ్ణి నిరూపించింది" అని వాట్సాప్‌లో తిరిగేది శుద్ధ పుకారు. 2013లో ఇద్దరు పరిశోధకులు గణిత తార్కికుడు గోడెల్ దేవుడి ఉనికికి రాసిన రుజువును కంప్యూటర్‌తో సరిచూశారు. అందులోని స్వీకృతాలను (రుజువు లేకుండా తీసుకున్న మాటలను) ఒప్పుకుంటే ఆ ముగింపు వస్తుందని మాత్రమే తేలింది. స్వీకృతాలు నిజమో కాదో యంత్రం చెప్పదు.

"మన న్యాయశాస్త్రం (న్యాయ దర్శనం) చెప్పిందీ ఇదే" అన్నది కూడా సరికాదు. 'క్షిత్యంకురాదికం సకర్తృకం, కార్యత్వాత్, ఘటవత్' (భూమి, మొలక లాంటివాటికి కర్త ఉన్నాడు, అవి చేయబడినవి కాబట్టి, కుండలాగా) అన్న అనుమానంలో, అంటే తర్కంతో తేల్చడంలో, హేతువు కార్యత్వం, అంటే చేయబడినది కావడం. ఈశ్వరుడు కార్యం కాడు కాబట్టి "ఆయన్ని ఎవరు చేశారు" అన్నది ఇక్కడా తగలదు. పోలిక అంతవరకే. నైయాయికుల ఈశ్వరుడు కుమ్మరిలా నిమిత్త కారణం, పరమాణువులు ఆయన చేసినవి కావు. ఇక్కడ తగువంతా వ్యాప్తి (కార్యమైన ప్రతిదానికీ కర్త ఉంటాడన్న నియమం) మీదే. కుండకి కర్త ఉన్నాడని గడ్డిపరకకీ ఉంటాడనగలమా?

ఇక చివరిది భయం. ఇంట్లో రోజూ పూజో ప్రార్థనో చేసే పిల్లలు దేవుడి రుజువుల మీద జర్మన్ తత్త్వవేత్త కాంట్ చేసిన విమర్శ రాయాలంటే తప్పు చేస్తున్నట్టు బెదురుతారు. అక్కర్లేదమ్మా. అనుమానంతో ఈశ్వరుణ్ణి సాధించలేమని, శాస్త్రమే (వేదమే) ప్రమాణమని శ్రీభాష్యంలో వాదించింది సాక్షాత్తూ రామానుజులు. దేవుడి భావన నుంచే ఆయన ఉనికిని తేల్చిన ఆన్సెల్మ్ రుజువు చెల్లదన్నవాడు సెయింట్ థామస్ అక్వినాస్. 1781లో ఆ రుజువులన్నిటినీ పడగొట్టిన కాంటే, 1788లో నీతి లక్ష్యమైన పరమ శ్రేయస్సు సాధ్యం కావాలంటే దేవుణ్ణి స్వీకరించక తప్పదని రాశాడు.