తలకిందులైన మాస్క్

రూటర్‌లో 192.168.10.0 నెట్‌వర్క్‌ని అనుమతిస్తూ ఒక రూల్ రాశారు. పక్కన మాస్క్ అలవాటుగా 255.255.255.0 అని కొట్టారు. ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ ఆ రూల్‌ని రూటర్ ఇంటర్‌ఫేస్‌కి, అంటే నెట్‌వర్క్ వచ్చి కలిసే పోర్టుకి, తగిలించగానే ఆ నెట్‌వర్క్‌లో వాళ్లందరికీ కనెక్షన్ పోయింది.

ఇలా ఎవరిని పోనివ్వాలో, ఎవరిని ఆపాలో చెప్పే రూల్స్ జాబితాని యాక్సెస్ లిస్టు అంటారు. సిస్కో రూటర్లని నడిపే ఐఓఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ లిస్టు అడిగేది సబ్‌నెట్ మాస్క్ కాదు, వైల్డ్‌కార్డ్ మాస్క్. చూడ్డానికి రెండూ ఒకటే: నాలుగు సంఖ్యలు, మధ్యలో మూడు చుక్కలు. అర్థమే తలకిందులు. సబ్‌నెట్ మాస్క్‌ని బిట్లుగా విడదీస్తే 1 ఉన్నంతవరకు నెట్‌వర్క్ భాగం, 0 ఉన్నదంతా హోస్ట్ భాగం, అంటే ఆ నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానిది. వైల్డ్‌కార్డ్‌లో 0 అంటే ‘ఈ బిట్ కచ్చితంగా కలవాలి’, 1 అంటే ‘ఏదున్నా పర్లేదు’.

ఇప్పుడు మన రూల్‌ని రూటర్ ఎలా చదువుతుందో చూడండి. మొదటి మూడు భాగాల్లో 255, అంటే అన్నీ 1లే. అక్కడ ఏమున్నా దానికి అనవసరం. చివరి భాగం మాత్రం సున్నాయే కావాలి. ఇంకేముంది, ఏ నెట్‌వర్క్‌దైనా సరే సున్నాతో ముగిసే అడ్రస్‌కి దారి దొరికింది, మన నెట్‌వర్క్‌లోని 192.168.10.25 లాంటిది బయటే ఉండిపోయింది. లిస్టు చివర కంటికి కనిపించకుండా ఉండే ‘మిగతావన్నీ ఆపెయ్’ అనే రూల్ దాన్ని అడ్డుకుంది.

సరైన వైల్డ్‌కార్డ్ కావాలంటే సబ్‌నెట్ మాస్క్‌లోని ప్రతి సంఖ్యనీ 255లోంచి తీసేస్తే చాలు. 255.255.255.192కి 0.0.0.63 వస్తుంది.

అయితే వైల్డ్‌కార్డ్‌ని ‘తిప్పి రాసిన సబ్‌నెట్ మాస్క్’ అనేస్తే దానికి అన్యాయం చేసినట్టే. సబ్‌నెట్ మాస్క్‌లో 1లన్నీ ఎడమవైపు వరసగా ఉండాలి. వైల్డ్‌కార్డ్‌కి ఆ కట్టుబాటు లేదు. 192.168.10.0 పక్కన 0.0.0.254 రాస్తే చివరి బిట్ ఒక్కటే చూస్తుంది కాబట్టి సరిసంఖ్యల అడ్రస్‌లు మాత్రమే పట్టుకుంటుంది. ముద్దుగా ఉంటుంది కానీ, తర్వాత వచ్చి చదివేవాళ్లకి తలనొప్పి.

పైగా అదే సిస్కో కంపెనీ ఏఎస్ఏ అనే ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కి కాపలా పరికరం) యాక్సెస్ లిస్టులో మామూలు సబ్‌నెట్ మాస్కే రాయాలి. పొద్దున ఒకదాని మీద, సాయంత్రం ఇంకోదాని మీద పనిచేస్తే చెయ్యి తడబడుతుంది. అందుకే రూల్ కొట్టగానే లిస్టుని ఒకసారి తెర మీదకి తెప్పించుకుంటాను. మాస్క్ తిరగబడి ఉంటే, పట్టించుకోనక్కర్లేని బిట్లన్నీ ఐఓఎస్ తనే సున్నా చేసేస్తుంది. నేను కొట్టిన 192.168.10.0 స్థానంలో 0.0.0.0 కనిపిస్తుంది.