టెస్టులు రాసే పని ప్రోగ్రామ్‌కే అప్పగిస్తే

పిన్ అడిగే యాప్ ఒకటుంది అనుకోండి, వరసగా మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయిపోవాలి, మధ్యలో ఒక్కసారి కరెక్ట్‌గా కొట్టినా తప్పుల లెక్క మళ్ళీ సున్నాకి రావాలి. దీన్ని కాగితం మీద గీస్తే నాలుగు స్టేట్లు వస్తాయి: తప్పుల్లేవు, ఒక తప్పు, రెండు తప్పులు, లాక్. ఎక్కడ ఏ పిన్ కొడితే ఎటు వెళ్ళాలో బాణాలు గీస్తాం. ఇదే మోడల్. దీన్ని మెషిన్‌కి అర్థమయ్యేలా రాసిస్తే టెస్టులు, అంటే యాప్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్షలు, అదే పుట్టిస్తుంది, రావాల్సిన జవాబులు కూడా మోడల్లోనే ఉంటాయి కాబట్టి మనం కూర్చుని సరిచూడక్కర్లేదు.

పుట్టించే పద్ధతుల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. మోడల్ చెకర్ అనే టూల్‌కి మనం ఏదైనా మాట చెప్తే అది ఎప్పుడూ నిజమేనా అని మోడల్లో దారులన్నీ వెతుకుతుంది, కాకపోతే ఎక్కడ తప్పిందో చూపిస్తుంది. దానికి కావాలనే అబద్ధం చెప్తాం, "ఈ యాప్ ఎప్పటికీ లాక్ అవ్వదు" అని. అది వెంటనే తప్పు, తప్పు, తప్పు, ఇదిగో లాక్ పడింది అని దారి చూపిస్తుంది, ఆ దారే మన టెస్టు.

ఇలా అన్ని బాణాల మీదా ఒక్కోసారి నడిస్తే సరిపోతుందా అంటే సరిపోదు. రెండు తప్పుల తర్వాత కరెక్ట్ పిన్ కొట్టాం, యాప్ తెరుచుకుంది, టెస్టు పాస్. కానీ కోడ్ రాసినవాళ్ళు లెక్కని సున్నా చెయ్యడం మర్చిపోతే లోపల ఇంకా రెండే ఉంటుంది, ఇంకొక్క తప్పుకే లాక్ పడిపోతుంది. లోపలికి తొంగిచూడలేం కదా, అందుకని మళ్ళీ వరసగా తప్పులు కొట్టి ఎన్నోదానికి లాక్ పడిందో చూడాలి. బయట్నుంచి ప్రయోగాలు చేసి మెషిన్ ఏ స్టేట్‌లో ఉందో పోల్చుకోవడం గురించి ఎడ్వర్డ్ మూర్ 1956లోనే రాశాడు, 1978లో చౌ అనే ఆయన ప్రతి బాణం తర్వాతా ఇలాంటి పరీక్ష తగిలించే డబ్ల్యూ మెథడ్ ఇచ్చాడు. టెస్టులు తప్పులున్నాయనే చూపిస్తాయి, లేవని చూపించలేవు అని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా అన్నాడు, చౌ పద్ధతిలో మాత్రం కోడ్‌లో స్టేట్లు మనం అనుకున్న లెక్క దాటకపోతే, అన్నీ పాసైన కోడ్ కచ్చితంగా మోడల్ లాగే నడుస్తుంది. నాకిది ఇప్పటికీ అబ్బురమే! ఖర్చు మాత్రం ఉంది, అదనంగా ఒక్కో స్టేట్ ఉండొచ్చు అనుకున్నప్పుడల్లా టెస్టులు ఇంచుమించు ఇన్‌పుట్ల (ఇక్కడ తప్పు పిన్, కరెక్ట్ పిన్) సంఖ్యతో గుణించినట్టు పెరిగిపోతాయి.

మోడలే తప్పైతే టెస్టులూ తప్పే, ఫెయిలైనప్పుడు తప్పు ఎటువైపుందో మనిషే తేల్చాలి. అయినా మోడల్ రాసే కష్టం వృథా కాదు, ఎవరూ అడగని ప్రశ్నలు అప్పుడే బయటపడతాయి. ఫోన్ ఆపేసి ఆన్ చేస్తే తప్పుల లెక్క ఏమవ్వాలి? సున్నా అవ్వాలంటే, ఎవరైనా అలా ఆపుతూ ఆన్ చేస్తూ నాలుగంకెల పిన్‌కి ఉన్న 10,000 అవకాశాలూ కొట్టి చూసేయొచ్చు.