బీపీ దిగింది సరే, గుండె గోడ సంగతేంటి?

శ్రీకాకుళంలో మా ఓపీకి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "నార్మల్ అయిపోనాది కదా బాబూ, ఇంకా బిళ్లెందుకు?"

అపోహ: రీడింగ్ దిగితే బిళ్ల పని అయిపోయినట్టే.

వాస్తవం: రీడింగ్ వారాల్లో దిగుతుంది. గుండె గోడ సర్దుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పైనే. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి ఎదురు తోసీ తోసీ గుండె ఎడమ జఠరిక (ఒంటికి రక్తం తోసే కింది గది) గోడ లావెక్కుతుంది. మూటలు మోసే హమాలీకి భుజం కండ కట్టినట్టే. కాకపోతే ఇక్కడది బలం కాదు. గోడ పెరిగినంతగా దానికి రక్తం అందించే సన్న నాళాలు పెరగవు. పైగా కండ పోగుల మధ్య కొల్లాజెన్ పేరుకుంటుంది. ఉద్దానం వాళ్లకైతే కొబ్బరి పీచు అంటాను, వెంటనే అర్థమవుతుంది. పీచు పట్టిన గుండె మొదట్లో పిండడం బాగానే పిండుతుంది, సడలడమే కష్టం. మెట్లెక్కితే ఆయాసం అందుకే.

పలాస జీడిపప్పు బట్టీలో పనిచేసే ఒకాయనకు ఎకో (గుండె స్కాన్)లో గోడ మందం 14 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలుగా 11 దాటకూడదు. మూడు నెలలకు బీపీ దిగింది, ఆయన బిళ్ల మానేశాడు. తర్వాత వాళ్లావిడ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన స్ట్రిప్పులో ఆరు బిళ్లలు ఖాళీ, తొమ్మిది అలాగే ఉన్నాయి. బీపీ 170. మళ్లీ మొదలుపెట్టి, ఏడాది వదలకుండా వాడాక గోడ 12కి వచ్చింది.

అపోహ: బీపీ బిళ్లలన్నీ ఒకటే.

వాస్తవం: సగం నిజం. బీపీ దిగడమే ముందు ముఖ్యం. కానీ యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ రక్తనాళాలను బిగించడంతో ఆగదు, గుండె కణాలను లావెక్కమని, పీచు పెంచమని కూడా ఉసిగొల్పుతుంది. లోసార్టాన్, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి ఆ హార్మోన్‌కే అడ్డుపడతాయి. 2002లో వెలువడిన లైఫ్ అనే అధ్యయనంలో, గోడ లావెక్కిన 9,193 మందిలో లోసార్టాన్‌ను అటెనోలాల్ అనే మరో రకం బీపీ బిళ్లతో పోల్చారు. బీపీ రెండింటితోనూ దాదాపు సమానంగా దిగింది. గోడ మాత్రం లోసార్టాన్‌తో ఎక్కువ తగ్గింది, పక్షవాతాలూ తక్కువే. అలాగని అటెనోలాల్ వాడుతున్నవాళ్లు ఇది చదివి రేపే ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే ప్రమాదం. ఇక ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ బిళ్లతో కాళ్లు వాస్తే అది చాలాసార్లు మందు వల్లే, గుండె చెడి కాదు. అయినా ఓసారి చూపించుకోండి.

అపోహ: బిళ్లలు కిడ్నీలు పాడుచేస్తాయి.

వాస్తవం: కవిటి, సోంపేట వైపు వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఇంటింటా డయాలసిస్ మాట వినేవాళ్లు మరి. అయితే అదుపులో లేని బీపీయే కిడ్నీలను తినేస్తుంది. సార్టాన్‌లు మొదలుపెట్టాక క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) కాస్త పెరగొచ్చు. 30 శాతం లోపైతే సాధారణంగా ఆపం. మొదలుపెట్టిన రెండు వారాల తర్వాత క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేసి చూస్తాం. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం వెంటనే అడగాలి. గర్భిణులకు ఈ సార్టాన్‌లు పనికిరావు. నిజంగా భయపడాల్సింది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఒళ్లునొప్పుల బిళ్లలకు. అవి బీపీనీ పెంచుతాయి, కిడ్నీనీ దెబ్బతీస్తాయి.

అపోహ: చోడంబలి (రాగి అంబలి) తాగితే చాలు, బిళ్ల అక్కర్లేదు.

వాస్తవం: బిళ్ల కావాలి. అంబలీ తాగండి, మంచిదే. పక్కన నంజుకునే ఉప్పు మెత్తళ్లతోనే నా గొడవంతా. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ అయితే నాకేం అభ్యంతరం లేదు.