మిర్చి టిక్కీ (బస్తా) వెనకాల రైతు పేరు: ట్రేసబిలిటీపై అపోహలు – వాస్తవాలు

గుంటూరులో ఎండుమిర్చి ఎగుమతుల్లో నాణ్యత చూసే పని నాది. సరుకు ఏ చేనిదో జాడ చెప్పగలగడమే ట్రేసబిలిటీ. "అది ఉంటే రేటు దానంతటదే పెరుగుతుంది" అని ఎవరైనా అంటే ఖర్చుల లెక్క ముందు పెడతాను.

అపోహ: ట్రేసబిలిటీ అంటే క్యూఆర్ కోడ్. ఖర్చేం ఉంది?

వాస్తవం: స్టిక్కర్ చవకే. సరుకు కలిసిపోకుండా చూడటమే ఖరీదు. యార్డులో కొన్న కాయల్ని రంగు, ఘాటు కుదిరేలా కలిపి పొడి పట్టించడమే మా వ్యాపారం. విడివిడిగా ఉంచాలంటే కోల్డ్ స్టోరేజీలో వేరే వరసలు, లాటు మారినప్పుడల్లా మిల్లు కడిగినంత పని, ప్రతి లాటుకూ ల్యాబ్ పరీక్ష. ద్రాక్షకు కేంద్ర ప్రభుత్వ ఎగుమతుల సంస్థ అపెడా, తోట దాకా జాడ చెప్పే గ్రేప్‌నెట్ నడిపిస్తోంది కదా అంటారు. ద్రాక్ష తోట నుంచి పెట్టెలోకి గుత్తిగానే వెళ్తుంది. కారప్పొడి అయ్యాక ఎవరి కాయ ఎక్కడుందో దేవుడికే ఎరుక.

అపోహ: జాడ తెలిసిన సరుకు మంచి సరుకు.

వాస్తవం: తేమ ఆరకుండా టిక్కీ కడితే, రికార్డు ఎంత చక్కగా ఉన్నా బూజు పడుతుంది.

అపోహ: చట్టం ఎలాగూ అడుగుతుంది.

వాస్తవం: 2005 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య చట్టం అక్కడి వ్యాపారిని అడిగేది ఎవరి దగ్గర కొన్నావు, ఎవరికి అమ్మావు అనే. కల్లం దాకా వివరాలు కావాలనడం చాలావరకు కొనేవాడి షరతు.

అపోహ: ప్రీమియం, అంటే మామూలు కంటే ఎక్కువ రేటు, వస్తుంది.

వాస్తవం: మామూలు సరుకుకు దాదాపు రాదు. ట్రేసబిలిటీ బీమా లాంటిది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో తిండిలో వాడకూడని సుడాన్-1 రంగున్న కారప్పొడి ఒక సాస్‌లోకి, ఆ సాస్ వందల రకాల ఆహారాల్లోకి చేరిందని తేలి, అన్నీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మన లెక్కలో చూద్దాం. 16 టన్నుల లాటులో 40 మంది కాయ ఉందనుకోండి. ఒక్కరి కాయలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరిమితి దాటితే మొత్తం ఆగుతుంది. నాలుగేసి టన్నులుగా విడగొట్టి ఉంటే ఆగేది నాలుగు టన్నులే, పరీక్షల ఖర్చు మాత్రం నాలుగింతలు. సరుకు తిరిగొచ్చే భయం ఎంతుందో చూసుకుని లాటు సైజు తేల్చుకోవాలి. మా ఆఫీసులో అసలు టెన్షన్ అదే.

అపోహ: రైతుకు లాభమే.

వాస్తవం: ఇక్కడే నా నోరు పెగలదు. మందు కొట్టిన తేదీలు రాసేది రైతు. తేడా వస్తే వేలు చూపేదీ ఆయన వైపే. పేరు మాత్రం ప్యాకెట్ మీది బ్రాండుకు. "నా పేరు రాసుకుని నాకేమిస్తారండీ?" అని ఒకాయన అడిగారు. అప్పటి నుంచి ఆ తేదీల పుస్తకం రాసినందుకు రైతుకు క్వింటాకు ఇంత అని ఒప్పందంలోనే పెట్టమంటున్నాను. ఒకరిద్దరు కొనుగోలుదార్లు ఒప్పుకున్నారు. మిగతావాళ్లు నవ్వేసి, మచ్చు పంపమన్నారు.