సైడ్‌కార్ చుట్టూ అల్లుకున్న అపోహలు

బార్ కౌంటర్ వెనక నిలబడి పదకొండేళ్లయింది. బ్రాండీతో కాక్‌టెయిల్ అనగానే ఇప్పటికీ చాలామంది ముఖంలో అనుమానం కనిపిస్తుంది. బ్రాండీ అంటే జలుబుకి తాగేది, లేదా సోడా పోసుకునేది. అందులో నిమ్మరసం పిండడమేంటి అంటారు. నేను మాత్రం పనిలో కొత్తగా చేరినవాళ్లకి మొదట నేర్పేది సైడ్‌కార్ అనే బ్రాండీ కాక్‌టెయిలే. సరుకులు మూడే: కోన్యాక్ (ఫ్రాన్స్‌లో ఆ పేరున్న ప్రాంతపు బ్రాండీ), నారింజ తొక్కతో చేసే క్వాంట్రో లికర్ (తియ్యటి మద్యం), నిమ్మరసం. ఏ ఒక్కటి కాస్త తేడా కొట్టినా మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది.

అపోహ: మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్యారిస్‌లో ఒక కెప్టెన్ మోటార్‌సైకిల్ పక్కనుండే తొట్టి (సైడ్‌కార్)లో కూర్చుని బార్‌కి వచ్చేవాడు, అతని కోసం దీన్ని కనిపెట్టారు.

కథ బాగుంటుంది. నేనూ చాలామందికి చెప్పాను. 1948లో డేవిడ్ ఎంబరీ అనే రచయిత తన కాక్‌టెయిల్ పుస్తకంలో ఆ కెప్టెన్ తన స్నేహితుడేనని రాశాడు. కానీ అంతకు చాలా ముందే, 1922లో హ్యారీ మెకల్‌హోన్, రాబర్ట్ వెర్మైర్ అనే ఇద్దరు బార్‌టెండర్లు తమ తమ పుస్తకాల్లో సైడ్‌కార్ కొలతలు ఇచ్చారు. ఇద్దరూ చెప్పిన పేరు ఒకటే: లండన్ బక్స్ క్లబ్‌లో పనిచేసే మెక్‌గ్యారీ. ఇది ఫ్రాన్స్‌లో బాగా నడుస్తోందని, లండన్‌కి పరిచయం చేసింది మెక్‌గ్యారీ అని వెర్మైర్ రాశాడు. తర్వాత రోజుల్లో ప్యారిస్‌లోని హ్యారీస్ బార్ ఇది మాదేనంది, రిట్జ్ హోటల్ మాదేనంది. ఆ హ్యారీస్ బార్‌ని మెకల్‌హోన్ కొన్నది 1923లో. దానికి ఏడాది ముందే తన పుస్తకంలో ఇంకొకరి పేరు రాశాడు. ఆ రాతకే నేను ఎక్కువ విలువిస్తాను.

దీని మూలాలు ఇంకా వెనక్కి, అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ దాకా పోతాయి. అక్కడ 1850లలో జోసెఫ్ శాంటినీ చేసిన బ్రాండీ క్రస్టా అనే డ్రింక్‌లో బ్రాండీ, నారింజ లికర్, నిమ్మరసం అప్పటికే కలిశాయి. 1862లో జెర్రీ థామస్ అనే అమెరికన్ బార్‌టెండర్ పుస్తకంలోకీ అది ఎక్కింది.

అపోహ: గ్లాసు అంచుకి పంచదార లేకపోతే అది సైడ్‌కారే కాదు.

1922 నాటి రెండు పుస్తకాల్లోనూ ఆ పంచదార లేదు. అది క్రస్టా నుంచి వచ్చిన అలవాటు. నేను సగం అంచుకే అద్దుతాను, కావలసినవాళ్లు ఆ వైపు నుంచి తాగుతారు.

అపోహ: కొలత ఒక్కటే ఉంది, అదే అసలైనది.

తొలి పుస్తకాల్లో మూడూ సమానం. 1930లో లండన్ సవాయ్ హోటల్ బార్‌టెండర్ హ్యారీ క్రాడక్ రెండు పాళ్లు బ్రాండీకి మిగతావి ఒక్కో పాలు చొప్పున వేశాడు. ఎంబరీ అయితే ఎనిమిది పాళ్లు బ్రాండీ, రెండు నిమ్మరసం, ఒకటి క్వాంట్రో అన్నాడు. అది నా నోటికి వట్టి బ్రాండీలాగే ఉంటుంది. నా కొలత 50 మిల్లీలీటర్ల కోన్యాక్, 25 క్వాంట్రో, 20 నిమ్మరసం.

ఇక్కడ మనవాళ్లు జాగ్రత్తపడాల్సిన సంగతి ఒకటుంది. ఆ పుస్తకాలు చెప్పేది పసుపు రంగులో, పెద్దగా ఉండే లెమన్ గురించి. మన సంతలో దొరికే చిన్న నిమ్మకాయ లైమ్ జాతిది. దాని పులుపు పదునుగా తగులుతుంది, చివర్లో చిరుచేదు ఉంటుంది. పనిలో చేరిన కొత్తలో నేను పుస్తకంలోని కొలత ప్రకారమే మన నిమ్మకాయ పిండాను. ఆ గెస్ట్ ఒక్క గుక్క తాగి, ఏమీ అనకుండా గ్లాసు పక్కకి జరిపారు. ఆ గ్లాసు ఇప్పటికీ గుర్తుంది. మన నిమ్మకాయైతే 15 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి రుచి చూసుకోండి. రసం మాత్రం అప్పటికప్పుడు పిండిందే కావాలి.

అపోహ: బ్రాండీ ఏదైనా ఒకటే.

కోన్యాక్ అనే పేరుకి ఫ్రాన్స్‌లో చట్టం ఉంది. ఆ ప్రాంతపు ద్రాక్షే కావాలి, రాగి బట్టీల్లో రెండుసార్లు కాచాలి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు ఉంచాలి. వీఎస్‌ఓపీ అనే రకమైతే నాలుగేళ్లు. మన షాపుల్లో బ్రాండీ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్ కలుస్తుంది. ద్రాక్ష వాసన లేని బ్రాండీతో చేస్తే పులుపూ తీపీ తప్ప నోట్లో ఏమీ మిగలదు. అలాగని ఖరీదైన ఎక్స్‌ఓ రకం అక్కర్లేదు. పీపాలో పదేళ్లు ఊరినదాన్ని నిమ్మరసంలో ముంచడం నాకు మనసొప్పదు. వీఎస్‌ఓపీ చాలు.

అపోహ: జలుబుకి బ్రాండీ మందు, పిల్లలకీ ఒక చెంచా పట్టొచ్చు.

తాగితే చర్మం దగ్గర రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి అదే దారిన ఒంట్లో వేడి బయటికి పోతుంది. జలుబు దాని పద్ధతిలో అదే తగ్గుతుంది. పిల్లలకైతే ఒక్క చుక్క కూడా వద్దు, రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.

అపోహ: స్పూన్‌తో కలిపినా సరిపోతుంది.

పళ్లరసం పడే డ్రింక్‌ని షేక్ చేయాల్సిందే. చల్లబడటంతో పాటు ఐస్ కరిగి నీరు చేరాలి, గాలి కలవాలి. ఆ నీరు లేకపోతే ఘాటు తగ్గదు. షేకర్ నిండా గట్టి ఐస్ వేసి పన్నెండు, పదిహేను సెకన్లు బలంగా ఊపుతాను. మొదట గలగలమనే ఐస్ కాసేపటికి మెత్తగా మోగుతుంది, స్టీలు మీద తెల్లగా మంచు పడుతుంది, వేళ్లు జివ్వుమంటాయి. అప్పుడు ఆపి, ముందే ఫ్రీజర్‌లో పెట్టిన గ్లాసులోకి వడకడతాను. పైన నిమ్మతొక్క ముక్కను వేళ్లతో మెలిపెడితే సన్నని నూనె తుంపర పడుతుంది. గ్లాసు నోటి దాకా రాకముందే తగిలే వాసన అదే.