తొట్టె అడుగున పరిచే పొర గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

నీటిమొక్కలతో చిన్న అక్వేరియం పెట్టుకోవాలని మీరు ముచ్చటపడుతున్నారని తెలిసి చాలా సంతోషించాను. ఏ చేపలు, ఏ మొక్కలు అన్నది తరువాత చూద్దురు గాని, ముందు తొట్టె అడుగున ఏం పరుస్తారో తేల్చుకోండి. మొక్కల వేళ్ళు పట్టు దొరకబుచ్చుకునేది ఆ పొరలోనే, నీటిలోని వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియా చాలావరకు కాపురముండేదీ అక్కడే. మొక్కలు నాటాక దాన్ని మార్చాలంటే తొట్టె మొత్తం కెలకవలసి వస్తుంది.

మీ దగ్గర ఉన్నది ఇసుకో సన్నని గులకో అయితే, పిడికెడు తీసి ఆరబెట్టి, దాని మీద కాస్త వెనిగర్ పోసి దగ్గరగా చూడండి. బుడగలు, నురగ లేస్తే అందులో సున్నపురాయో గవ్వల ముక్కలో ఉన్నాయన్నమాట. అవి మెల్లగా కరిగి నీటి కాఠిన్యాన్నీ క్షారగుణాన్నీ పెంచుతాయి. చాలా నీటిమొక్కలు మెత్తని నీటిలోనే బాగా పెరుగుతాయి కనుక దాన్ని పక్కన పెట్టేయండి. గింజ 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే మేలు. పిండిలాంటి ఇసుకను మందంగా పరిస్తే అణిగిపోయి, ప్రాణవాయువు చేరని చోట కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టవచ్చు.

కడిగేటప్పుడు తొందరపడకండి. బకెట్‌లో మూడోవంతుకు మించి ఇసుక వేయకుండా, నీళ్ళు ధారగా వదులుతూ, చేతిని అడుగుదాకా పోనిచ్చి బాగా కలియబెట్టి, బరువైన గింజలు కిందికి దిగిన వెంటనే, సన్నని మట్టి ఇంకా తేలుతుండగానే ఆ బురదనీటిని వంచేయాలి. మళ్ళీ మళ్ళీ ఇలాగే చేస్తూ, వంచిన నీటిని గాజుగ్లాసులో పట్టి వెనక వేలు పెట్టి చూడండి. వేలి గీతలు స్పష్టంగా కనిపిస్తే ఆ వాయి అయిపోయినట్టే. సబ్బు గాని డిటర్జెంట్ గాని దగ్గరికి రానివ్వకండి, వాటి అంశ మిగిలినా చేపలకు ప్రమాదం. వంచిన నీటిని సింకులో పోస్తే ఇసుక పేరుకుని గొట్టం పూడుకుపోతుంది కాబట్టి చెట్ల మొదట్లో పోయండి.

ఆక్వాసాయిల్ అనే కాల్చిన మట్టి గుళికలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వాటిని రుద్ది కడిగితే గుళికలు చిట్లి బురదవుతాయి, మొక్కల కోసం చేర్చిన పోషకాలూ కొట్టుకుపోతాయి. సంచి విప్పి నేరుగా పరచండి. వాటిలో చాలా రకాలు తొలి వారాల్లో అమ్మోనియా వదులుతాయి కనుక తరచూ నీరు మారుస్తూ, నీటి పరీక్షలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలను వదలాలి. ఇక, నడుస్తున్న తొట్టెలోని గులకను ఎవరైనా ఇస్తే, దాన్ని క్లోరిన్ కలిసిన కుళాయి నీటితో కడగకండి. ఆ తొట్టెలోంచి తీసిన నీటితోనే ఒకసారి జాడిస్తే మురికి పోతుంది, దానిమీది బ్యాక్టీరియా బతికి ఉంటుంది. నా మటుకు నాకు అంతకంటే విలువైన కానుక లేదు.

45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టెలో సగటున 5 సెంటీమీటర్ల మందం పరచడానికి సుమారు 10 కిలోల పొడి ఇసుక పడుతుంది. ముందువైపు 4, వెనకవైపు 6 సెంటీమీటర్లు వచ్చేలా వాలుగా సర్దండి. తరువాత పొర మీద ఒక పళ్ళెం ఉంచి, దాని మీదుగా నీళ్ళు మెల్లగా పోయండి, అప్పుడు గుంట పడదు. నీరు పొర పైకి రెండు వేళ్ళ ఎత్తు రాగానే ఆపి మొక్కలు నాటుకుంటే చేతికి అనువుగా ఉంటుంది. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటి మొక్కల దుంపకాండాన్ని, అంటే ఆకులూ వేళ్ళూ పుట్టే లావుపాటి అడ్డకాండాన్ని, మాత్రం పూడ్చకండి, కుళ్ళిపోతుంది. రాయికి దారంతో కట్టి నిలబెట్టి, ఆ పైన మిగతా నీళ్ళు నింపండి.

మీ
తాతయ్య